పిస్టల్‌కి మంచి హోల్‌స్టర్ ఎంచుకోవడం ఎలా?

పిస్టల్ కొనడానికి నెలల తరబడి ఆలోచిస్తారు, పదిమందిని అడుగుతారు, కనపడ్డ వీడియో అల్లా చూస్తారు. తీరా దాన్ని పెట్టుకునే హోల్‌స్టర్ దగ్గరికి వచ్చేసరికి కౌంటర్ మీద వేలాడుతున్న చవకది ఒకటి పట్టుకుని వెళ్ళిపోతారు. షూటింగ్ రేంజ్‌లో ఇలాంటివాళ్ళని చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. హోల్‌స్టర్ అంటే తుపాకికి సంచి కాదు. తుపాకి నడుముకున్నంతసేపూ ట్రిగ్గర్ మీద ఏదీ పడకుండా కాపలా కాసేది అదొక్కటే.

లైసెన్సు, వెంట తీసుకెళ్ళే అనుమతి సంగతి ముందే తేల్చుకున్నారనుకుంటాను. కొన్నిచోట్ల తుపాకి బయటికి కనపడకూడదంటారు, కొన్నిచోట్ల కనపడినా ఫర్వాలేదంటారు. నడుము లోపల పెట్టుకునేది కొనాలా, బయట పెట్టుకునేదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

కావలసినవి పెద్దగా ఏం లేవు. మీ పిస్టల్, ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న గట్టి బెల్టు, ఒక స్క్రూడ్రైవర్, స్క్రూలు వదులవకుండా రాసే నీలం రంగు జిగురు, మీరు రోజూ వేసుకునే బట్టలు. బెల్టు గట్టిది అన్నాను, గుర్తుంచుకోండి. ఆఫీసుకి వేసుకునే మెత్తటి బెల్టుకి తగిలిస్తే ఎంత మంచి హోల్‌స్టరైనా వేలాడుతుంది, నిందేమో హోల్‌స్టర్ మీద పడుతుంది.

మొదట మీ పిస్టల్ కచ్చితంగా ఏ మోడలో చూసుకుని, ఆ మోడల్‌కని చేసినదే కొనండి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అనలేదు, కానీ ఈ "అన్ని పిస్టళ్ళకీ సరిపోతుంది" అనే నైలాన్ సంచులమ్మేవాళ్ళు మాత్రం ఒక ఒరలో యాభై తుపాకులు ఇముడుస్తామంటారు. గ్లాక్ కంపెనీ పిస్టళ్ళలో గ్లాక్ 17 కోసం చేసినదాంట్లో గ్లాక్ 19 మామూలుగా పడుతుంది, అది వేరే సంగతి, ఎందుకంటే రెండూ ఒకే అచ్చు, 19 కాస్త పొట్టిది, అంతే. పిస్టల్‌కి టార్చి లైటో, గురి చూడ్డానికి పైన ఎర్రచుక్క చూపించే రెడ్ డాట్ సైటో బిగించే ఉద్దేశముంటే ముందు అవి కొని, తర్వాత హోల్‌స్టర్ కొనండి. తిరగేసి చేస్తే రెండుసార్లు డబ్బు పెట్టాలి. లైటు కోసం వెడల్పుగా చేసిన కొన్నింటిలో ట్రిగ్గర్ పక్కన వేలు దూరేంత సందు మిగిలిపోతుంది, అదీ చూసుకోండి.

తర్వాత ఎక్కడ పెట్టుకోవాలన్నది. బెల్టు బకిల్ని 12 గంటలనుకుంటే కుడిచేతివాళ్ళకి నాలుగు గంటల చోటు, ఎడమచేతివాళ్ళకి ఎనిమిది. పిడి కాస్త ముందుకి, ఓ 15 డిగ్రీలు, వంగి ఉండాలి. పొట్ట ముందు పెట్టుకునేవాళ్ళు ఈపాటికి నామీద కోప్పడుతూ ఉంటారు. వాళ్ళ పద్ధతిలో చెయ్యి త్వరగా అందుతుంది, కాదనను, కానీ బ్యారెల్, అదే తుపాకి గొట్టం, ఎటు చూస్తోందో ఒక్కసారి ఆలోచించుకోమనండి. కొత్తవాళ్ళకి అది వద్దు. వెనక సరిగ్గా వెన్నెముక మీద పెట్టుకోవడం పాతవాళ్ళకి కూడా వద్దు, వెల్లకిలా పడితే కేజీకి అటూఇటూ ఉన్న ఇనుము మీద పడతారు. నడుము లోపల పెట్టుకునేటట్లయితే ప్యాంటు ఒక సైజు పెద్దది కావాలి.

ఇక దేనితో చేసినది? కైడెక్స్. విమానాల లోపలి భాగాల కోసమని మొదట తయారైన ప్లాస్టిక్ ఇది. వేడి చేసి పిస్టల్ ఆకారానికి అచ్చుపోస్తారు, చల్లారాక ఆ ఆకారం వదలదు, చెమట పీల్చదు, తుపాకి లోపలికి దిగి కూర్చున్నప్పుడు టక్‌మని చప్పుడొస్తుంది. ఎండలో కారు డాష్‌బోర్డ్ మీద మాత్రం వదిలెయ్యకండి, వంకర పోవచ్చు. తోలు అందంగా ఉంటుంది, ఒంటికి హాయిగా ఉంటుంది, నేనూ కొన్నేళ్ళు అదే వాడాను. ఎందుకు మానేశానో కింద చెప్తాను.

తుపాకిని పట్టి ఉంచే గట్టిదనం కూడా చూడాలి. బట్టల కింద దాచి పెట్టుకునేదానికి అచ్చు బిగువు చాలు. బయటికి కనపడేలా పెట్టుకుంటే మాత్రం ఎవరైనా లాక్కోబోతే ఊడిరాకుండా ఒక లాక్ ఉండి తీరాలి, అదీ బొటనవేలితో తీసేది. చూపుడువేలితో బటన్ నొక్కి తీసే రకం కొనకండి. కంగారులో వేలి కొనతో గట్టిగా నొక్కుతూ తుపాకి పైకి లాగుతారు, పిస్టల్ బయటికొచ్చేసరికి వంగి ఉన్న ఆ వేలు నేరుగా ట్రిగ్గర్ మీదికి పోతుంది.

ఇదంతా తేలికైన భాగం. దీనికే రోజులు తగలేసి, అసలైనదాన్ని రెండు నిమిషాల్లో ముగిస్తారు. అసలైనది, ఇంటికి తెచ్చాక ఖాళీ పిస్టల్‌తో పరీక్షించడం. అందులోనూ తుపాకి తీయడం కాదు, తిరిగి పెట్టడం.

ముందు పిస్టల్ ఖాళీ చెయ్యాలి. మొదట మ్యాగజైన్, అంటే పిడిలో ఉండే తూటాల పెట్టె, బయటికి తీయండి, ఆ తర్వాతే స్లైడ్, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, వెనక్కి లాగండి. వరస తప్పితే ఏమవుతుందంటే, మ్యాగజైన్ లోపలుండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని, అంటే గొట్టం మొదట్లో పేలడానికి సిద్ధంగా ఉన్న, తూటా బయటపడుతుంది, కింద నుంచి ఇంకోటి ఎక్కుతుంది. మీరు మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు. ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. స్లైడ్ వెనక్కి నిలబెట్టి కళ్ళతో చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి. తూటాలన్నీ వేరే గదిలో తాళం వేసి పెట్టి వచ్చి, మళ్ళీ ఒకసారి చూడండి. చాదస్తం అనుకుంటే అనుకోండి. ఖాళీ అయినా సరే బ్యారెల్ మనుషులున్న వైపు తిప్పకండి.

ఇప్పుడు హోల్‌స్టర్‌ని ఒంటి మీద కాకుండా చేతిలో పట్టుకుని పిస్టల్ అందులో పెట్టండి. ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, పూర్తిగా మూసుకుపోవాలి, రెండు పక్కలా. బయటి నుంచి ట్రిగ్గర్ ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. ట్రిగ్గర్ పిసరంత కదిలినట్టు అనిపించినా అది పనికిరాదు, తిరిగిచ్చెయ్యండి. తర్వాత మంచం మీద తలకిందులుగా పట్టుకుని ఊపండి. జారిపడితే హోల్‌స్టర్ బిగువు స్క్రూ బిగించి మళ్ళీ చూడండి, అప్పటికీ పడితే అదీ తిరిగిచ్చెయ్యండి.

తర్వాత పిస్టల్ బయటికి తీసి హోల్‌స్టర్ మూతి చూడండి. తెరుచుకునే ఉండాలి. నైలాన్ సంచులు, అరిగిన తోలువి తుపాకి బయటికి రాగానే మూతి ముడుచుకుంటాయి. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? రెండో చేత్తో మూతి తెరిచి పట్టుకుంటాడు, అంటే తన చెయ్యి తనే బ్యారెల్ ముందు పెడతాడు. ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. మూతి దగ్గర తోలు మెత్తబడి లోపలికి మడతపడితే, తుపాకి దిగుతున్నప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డులోకి దూరుతుంది. మీరు కిందికి తోస్తారు, మడత ట్రిగ్గర్ని నొక్కుతుంది. గ్లాక్ లాంటివాటికి ట్రిగ్గర్ మధ్యలోనే చిన్న సేఫ్టీ మీట ఉంటుంది, కానీ నొక్కింది వేలో తోలు ముక్కో దానికేం తెలుసు?

నా పాత తోలు హోల్‌స్టర్‌తో ఒకరోజు ఖాళీ పిస్టల్‌తో సాధన చేస్తూ తిరిగి లోపల పెడుతుంటే టిక్‌మని వినపడింది. వేలు బయటే ఉంది, నిటారుగానే ఉంది. తీసి చూస్తే అంచు అరంగుళం లోపలికి మడిచి ఉంది. బ్యారెల్ నా తొడ వైపు ఉంది. ఆ సాయంత్రమే దాన్ని కత్తెరతో ముక్కలు చేసి పారేశాను, అలాగే పారేస్తే చెత్తబుట్టలోంచి ఇంకెవరైనా తీసుకుంటారని.

తోలే కానక్కర్లేదు. చొక్కా అంచు, జాకెట్ కింద వేలాడే తాడు చివర పూస, బటన్‌తో పెట్టే పట్టీ, ఏది లోపలికి పోయినా అంతే. కాబట్టి పెట్టేటప్పుడు రెండో చేత్తో చొక్కా గుండెల దాకా ఎత్తి పట్టుకోండి, తల వంచి హోల్‌స్టర్లోకి చూడండి, చూపుడువేలు ట్రిగ్గర్ మీద కాకుండా దాని పైన పిస్టల్ పక్కన, ఫ్రేమ్ మీద, నిటారుగా ఉంచండి, నెమ్మదిగా దింపండి. చూడకుండా పెట్టడం నేర్చుకోవాలని చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాట వినకండి. తీసేటప్పుడంటే తొందరుంటుంది, పెట్టేటప్పుడు ఎవరు తరుముతున్నారు? ఎక్కడైనా అడ్డం తగిలితే తోయకండి, పైకి తీసేసి ఏం అడ్డమొచ్చిందో చూడండి. పిస్టల్‌కి హ్యామర్, అంటే తూటాని పేల్చే వెనక సుత్తి, బయటికుంటే బొటనవేలు దాని మీద ఆనించి దింపండి, ట్రిగ్గర్ కదిలితే హ్యామర్ కదులుతుంది, వేలికి తెలిసిపోతుంది.

నడుము లోపల పెట్టుకునేవాటికి ఇంకో మంచి పద్ధతి ఉంది. పొద్దున తుపాకిని బల్ల దగ్గరే హోల్‌స్టర్‌లో పెట్టి, రెండింటినీ కలిపి నడుముకి తగిలించుకోండి, రాత్రి కలిపే తీసేయండి. తోలుదైతే రాత్రి పిస్టల్ అందులో వదలకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది, తుప్పు పడుతుంది.

ఒక వారం ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో తిరగండి, కూర్చోండి, కింద పడ్డ తాళాలు వంగి తీసుకోండి. గంటకోసారి చెయ్యి దాని మీదికి పోతుంటే ఎత్తో, వంపో సరిలేదని అర్థం, సర్దుకోండి. కుదిరాక స్క్రూలకి ఆ నీలం జిగురు రాసి బిగించి, తలల మీద గోళ్ళరంగుతో ఒక గీత పెట్టండి. గీత పక్కకి జరిగితే స్క్రూ తిరిగినట్టే. బెల్టుకి తగిలించే క్లిప్పు స్క్రూలు ముందు వదులవుతాయి.