తుంగభద్రలో పుట్టిపై (గుండ్రటి బుట్ట పడవపై) గాలం వేయడానికి వెళ్లే ముందు

- కర్నూలుకు ఎగువనున్న సుంకేసుల బ్యారేజీ నుంచి నీరు వదులుతున్నారేమో ఆ ఉదయమే విచారించాలి. ఇక్కడ చినుకు లేకపోయినా, కర్ణాటకలో కురిసిన వానలకు గేట్లు ఎత్తితే నది చూస్తుండగానే పొంగుతుంది కాబట్టి, మన ఆకాశాన్ని చూసి బయలుదేరడమే ప్రాణాంతకమైన పొరపాటు.

- ఈత వచ్చినవారు కూడా లైఫ్ జాకెట్ వేసుకునే పుట్టి ఎక్కాలి. నీటిలో పడ్డాక వేసుకోవడం చాలా కష్టం.

- చేప తగిలిన ఉత్సాహంలో మిత్రులందరూ ఒకే పక్కకు వంగితే పుట్టి బోల్తా పడుతుంది. ఒకరు గాలం లాగుతున్నప్పుడు మిగిలినవారు కదలకుండా కూర్చోవాలి.

- తెలియని చోట నీటిలో దిగి నడవకూడదు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు.

- జాలర్ల వలలకు దూరంగా గాలం వేయాలి. చిరిగిన వల వారికి ఆ రోజు కూలిని పోగొడుతుంది.