లంకలో జింక జాడ పట్టే ఒండ్రు పట్టీ

ఏటి నడుమ లంకలో సరుగుడు తోటో జామ తోటో ఉండి, కృష్ణజింకలు వచ్చిపోతున్నాయేమోనని అనుమానమా? వెతుక్కుంటూ వెంటపడకండి, బెదిరిపోయి ఇంక అటు రావు. తోట అంచున, గడ్డినేలలోకి దారి తీసేచోట, మీటరు వెడల్పు, నాలుగైదు మీటర్ల పొడవున నేల గీకి, ఒండ్రు జల్లించి రెండు వేళ్ల మందాన పరవండి. ఉత్త ఇసకైతే గిట్ట అచ్చు నిలవదు, జారిపోతుంది. సాయంత్రం నీళ్లు చిలకరించి చెక్కతో నున్నగా లాగండి. బురదయ్యేంత తడపొద్దు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడే చూడాలి. సూర్యుడు నడినెత్తికొస్తే అచ్చు అంచులు కనబడవు.

మేక అచ్చు ముందుభాగం మొద్దుగా ఉంటుంది, జింకది సన్నగా, కొనదేలి ఉంటుంది. తేల్చుకోలేకపోతే పెంటికలు చూడండి. మగజింక తన హద్దులో ఒకేచోట మళ్లీ మళ్లీ వేస్తుంది, కుప్ప పడుతుంది. అది దాని సరిహద్దు గుర్తు, ఊడ్చెయ్యొద్దు.

ఇవి తెరిపి పచ్చిక కోరే జంతువులు. ఖాళీ జాగా అంతా మొక్కలతో నింపేస్తే రావు. ముళ్లతీగ కంచె అయితే అన్నిటికన్నా కింది తీగ తీసేసి, నేలకి అడుగున్నర ఎత్తున నున్నటి తీగ కట్టండి. కిందనుంచి దూరేటప్పుడు వీపు చీరుకుపోకుండా ఉంటుంది. కరెంటు తీగ మాత్రం వద్దేవద్దు. అది మనుషుల ప్రాణాలూ తీస్తుంది, పైగా 1972 వన్యప్రాణి చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలు (అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితా) జంతువు. వరదకి మెరకలో చిక్కుకుంటే తరమకుండా, కుక్కల్ని కట్టేసి అటవీశాఖకి కబురు చెయ్యండి.