లేయర్లతో వాల్‌పేపర్ – 4వ పాఠం: తెర ఎందుకు నల్లబడింది?

ఈసారి మాస్కులు (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే పద్ధతి) మొదలుపెట్టాలనుకున్నాను. మీరు పంపిన డెస్క్‌టాప్ వాల్‌పేపర్ బొమ్మలు చూశాక ఆ ఆలోచన పక్కన పెట్టాను. గోనెసంచి, సున్నం గోడ, కడప బండ... ఫొటోలు శ్రద్ధగా తీశారు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి అన్నిటికీ మల్టిప్లై మోడ్ పెట్టారు (మోడ్ అంటే పై లేయర్ కింది లేయర్‌తో ఎలా కలవాలో చెప్పేది). చివరికి అమావాస్య చీకటి మిగిలింది. పొరపాటు నాది. మల్టిప్లై పెట్టమని రాశాను కానీ, దానికి ముందు చేయాల్సిన పని రాయలేదు.

గింప్ అనే బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 1920×1080 ఫైలు తెరవడం, కంట్రోల్+ఆల్ట్+ఓ నొక్కి ఫొటోలను లేయర్లుగా, అంటే పొరలుగా, తెచ్చుకోవడం మీకు వచ్చు. నేరుగా అసలు సంగతికి వస్తాను.

పిక్సెల్ వెలుగు 0 నుంచి 255 వరకు ఉంటుంది. మల్టిప్లై దాన్ని 0 నుంచి 1 మధ్య భిన్నంగా తీసుకుని, పై లేయర్‌ని కింది లేయర్‌తో గుణిస్తుంది. తెలుపంటే 1. ఒకటితో గుణిస్తే కింది రంగు చెక్కుచెదరదు. తెలుపు కానిదేదైనా ఒకటికన్నా తక్కువే. అంటే మల్టిప్లైకి తగ్గించడమే తెలుసు, పెంచడం తెలియదు. మీ గోనెసంచి ఫొటో సగటు వెలుగు 128 అనుకోండి. తెల్లని నేపథ్యం మీద పెట్టగానే తెర 128కి దిగుతుంది. అంతే వెలుగున్న గోడ ఫొటో దాని మీద వేస్తే సుమారు 60కి, ఆపైన బండ కూడా చేరితే 30 చుట్టుపక్కలకి. మూడు లేయర్లకే చీకటి పడింది.

కొందరు అన్నిటికన్నా పైన బ్రైట్‌నెస్ పెంచి సరిచేయబోయారు. దయచేసి ఆ దారి పట్టకండి. 30 చుట్టుపక్కల ఇరుక్కున్న కాసిని వెలుగు మెట్లను 255 దాకా సాగదీస్తే నునుపైన చోట చారలు తేలతాయి. సంచి దారాల మధ్య ఉన్న సన్నటి నీడ అప్పటికే నలుపులో కలిసిపోయి ఉంటుంది. అది మళ్లీ రాదు. మందు వేయాల్సింది పైన కాదు, ఒక్కో ఫొటోకి విడిగా.

ముందు ప్రతి టెక్స్‌చర్‌నీ, అంటే గరుకు ఉపరితలం ఫొటోనీ, కలర్స్ మెనూలోని డీసాచురేట్‌తో బూడిద రంగుకి మార్చండి. నా పద్ధతిలో రంగు అడుగు లేయర్ నుంచే రావాలి, టెక్స్‌చర్ గరుకుదనం మాత్రమే ఇవ్వాలి. సంచి గోధుమరంగూ గోడ పసుపూ కలిస్తే వచ్చేది బురదే.

తర్వాత అదే మెనూలో, వెలుగునీడలు సర్దే లెవెల్స్ తెరవండి. మల్టిప్లై వాడేట్టయితే కుడివైపు తెల్లటి పిడిని, హిస్టోగ్రామ్ (ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్) గుట్ట కుడి అంచు దిగేచోటికి జరపండి. 1 నొక్కి 100 శాతం జూమ్‌లో సంచిని చూడండి. దారం వీపు తెల్లబడుతుంది, దారానికీ దారానికీ మధ్య గుంట మాత్రమే నల్లగా మిగులుతుంది. మనకి కావాల్సింది ఆ గుంటే.

ఓవర్‌లే, సాఫ్ట్ లైట్ అనే మోడ్‌ల లెక్క వేరు. వాటికి తటస్థం, అంటే కింది రంగును మార్చని వెలుగు, తెలుపు కాదు, నడిమి బూడిద, అంటే 128. హిస్టోగ్రామ్ డాక్‌లో మీన్ (సగటు) చూస్తూ లెవెల్స్ మధ్య పిడిని ఎడమకి జరిపితే సగటు పెరుగుతుంది, కుడికి జరిపితే తగ్గుతుంది. అది 128 దగ్గరికి రాగానే ఆపండి. అప్పుడు వాల్‌పేపర్ మొత్తంగా నల్లబడదు, తెల్లబడదు, గరుకుదనం ఒక్కటే చేరుతుంది. మూడు లేయర్లుంటే నేను ఒక్కదానికే మల్టిప్లై ఇస్తాను, మిగతా రెండూ సాఫ్ట్ లైట్. ఒపాసిటీ, అంటే లేయర్ ఎంత దట్టంగా కనిపించాలన్నది, 30 శాతం దాటనివ్వను.

కిటికీ పక్కన తీసిన ఫొటోలో ఒక మూల వెలుగు, ఇంకో మూల నీడ ఉంటాయి. సగటు 128 వచ్చినా ఆ తేడా తెర మీద మచ్చలా కనిపిస్తుంది. దానికి ఫిల్టర్స్, ఎన్‌హాన్స్ కింద హై పాస్ ఉంది. అది పెద్ద వెలుగునీడల్ని చదును చేసి, సన్నటి గీతల్ని నడిమి బూడిద మీద నిలబెడుతుంది. తొందరగా పని కావాలంటే నేను లెవెల్స్ జోలికి పోకుండా దీన్నే వాడతాను.

పాత వీడియోలు చూసి చేసేవాళ్లకి ఒక మాట. 2018లో 2.10 రాకముందు గింప్‌లో ఒక లోపం వల్ల ఓవర్‌లే పెట్టినా సాఫ్ట్ లైట్ ఫలితమే వచ్చేది. అందుకే మీ తెర ఆ వీడియోలో ఉన్నట్టు ఉండదు.

అభ్యాసం: డౌన్‌లోడ్ చేసిన టెక్స్‌చర్ ఒక్కటీ వద్దు. మీ ఇంట్లో మూడు ఉపరితలాలు ఎంచుకుని, పొద్దున ఎండలో, మధ్యాహ్నం నీడలో, రాత్రి ట్యూబ్‌లైటు కింద ఒక్కోసారి ఫొటో తీయండి. మొత్తం తొమ్మిది. అన్నిటి సగటునీ 120కి 136కి మధ్యకి తెచ్చి, ఒకే అడుగు రంగు మీద పొద్దుటివి ఒకటి, మధ్యాహ్నంవి ఒకటి, రాత్రివి ఒకటి, మూడు వాల్‌పేపర్లు చేయండి. ఒక్కోటి ఒక రోజంతా డెస్క్‌టాప్ మీద ఉంచి, ఐకాన్ల కింద పేర్లు చదవడానికి ఎక్కడ కళ్లు చికిలించాల్సి వచ్చిందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఎక్స్‌సీఎఫ్ ఫైళ్లు (లేయర్లు విడివిడిగా నిలిచే గింప్ ఫైళ్లు) చెరపకండి. ఐదో పాఠంలో మాస్కు వేసేది ఆ గుర్తులున్న చోటే.