నెలల తర్వాత ఏసీ ఆన్ చేస్తున్నారా? ముందు లోపల బూజు చూడండి

చాలాకాలం వాడకుండా ఉన్న ఏసీని రిమోట్ నొక్కి నేరుగా ఆన్ చేసేయకండి. లోపల బూజు పట్టి ఉంటే గాలి వీచీ వీచగానే అది గదంతా చిమ్ముతుంది.

చాలామంది ఫిల్టర్ తీసి చూసి, బాగానే ఉందని మూసేస్తారు. బూజు ఎక్కువగా దాక్కునేది అక్కడ కాదు. మెయిన్ స్విచ్ ఆపి, గాలి బయటికొచ్చే చోట ఉన్న రెక్కను మెల్లగా వంచి టార్చి వేయండి. లోపల అడ్డంగా పొడవాటి చక్రం కనిపిస్తుంది, అదే బ్లోవర్. దాని సన్నటి ఆకుల మీద, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మీద నల్లటి చుక్కలు గుంపులుగా ఉంటే అది బూజేనని అనుకోవచ్చు. ఆన్ చేసిన కాసేపు ముక్కిన వాసన వచ్చి, తర్వాత తగ్గిపోతున్నా అనుమానించాల్సిందే.

అసలు సమస్య మురికి కన్నా తడి. కూలింగ్ జరిగేటప్పుడు గాలిలోని తేమ చల్లటి కాయిల్ (గాలిని చల్లబరిచే పైపుల వరుస) మీద నీరై, కింది ట్రేలోకి జారి, పైపు గుండా బయటికి పోతుంది. ఏసీ ఆపేశాక కాయిల్ మీద, ట్రేలో మిగిలిన తడి మాత్రం అక్కడే ఉండిపోతుంది. తడిసినది ఆరకపోతే 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలవ్వొచ్చు. అందుకే నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చే అలవాటు ఒక్కటే: కూలింగ్ ఆపాక ఓ అరగంట ఫ్యాన్ మోడ్‌లో తిప్పడం. సీజన్ చివర్లో ఏసీని పక్కన పెట్టే రోజైతే ఇంకాసేపు తిప్పండి.

డ్రెయిన్ పైపు కూడా చూడాలి. ట్రేలో గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోస్తే అవతల నుంచి వెంటనే కారాలి. పైపు మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, దాని కొస బకెట్ నీళ్లలో మునిగి ఉండకూడదు.

ఇక శుభ్రం చేయడం. పిల్లల్ని, ఉబ్బసం ఉన్నవాళ్లని వేరే గదిలోకి పంపి, కిటికీలు తెరిచి, మంచం మీద పాత దుప్పటి కప్పండి. ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. కాయిల్ ఫిన్స్, అంటే దాని మీది పల్చటి రేకులు, వేళ్లు కోసేంత పదునుగా ఉంటాయి. ఫిల్టర్‌ని సబ్బు నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. కాయిల్‌కి ఏసీల కోసమే అమ్మే క్లీనర్ చాలు. బ్లీచింగ్ ద్రావణం జోలికి పోవద్దు. అది అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా దాని ఘాటు గదిలోకే వస్తుంది. వెనిగర్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలిస్తే విషవాయువే. సెంటు స్ప్రేలు వాసనని కప్పుతాయి, బూజు అలాగే ఉంటుంది.

బ్లోవర్‌ని మాత్రం మెకానిక్‌కే వదిలేయండి. పక్కనే సర్క్యూట్ బోర్డు ఉంటుంది, నీళ్లు తగిలితే అంతే సంగతులు. ముందు నుంచి జెట్ కొట్టి "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి. బూజు బాగా పట్టి ఉంటే బ్లోవర్, ట్రే విప్పి కడగమనండి. ఇల్లంతటికీ ఒకే సెంట్రల్ ఏసీ ఉండి, డక్టు (గదులకు గాలి తీసుకెళ్లే గొట్టం) లోపలి ఇన్సులేషన్ పొరకి బూజు పడితే కడిగి లాభం లేదు, మార్చాల్సిందే.

గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుంటే మంచిది. 60 శాతం దాటకుండా చూసుకోండి, 30 నుంచి 50 మధ్య ఉంటే ఇంకా మేలు. గదికి మించిన టన్నుల ఏసీ పెడితే గది ఇట్టే చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ లాగే టైమే దొరకదు. గది చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా అనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

సర్వీసింగ్ అయిన కొద్ది రోజులకే వాసన మళ్లీ వస్తే ఏసీని వదిలి గోడను చూడండి. రాగి పైపుల మీది తొడుగు చిరిగితే అవి చెమర్చి, యూనిట్ వెనక గోడ లోలోపలే తడుస్తూ ఉంటుంది.