బ్యాక్టీరియా మ్యుటేషన్ రేటు కొలిచే ఫ్లక్చుయేషన్ టెస్ట్: కాలేజీ ల్యాబ్‌లో చేసే పద్ధతి

బ్యాక్టీరియా మీద మందు వేస్తే దాదాపు అన్నీ చస్తాయి, ఎక్కడో కొన్ని మిగులుతాయి. ఆ మిగిలినవి మందు తగిలాక మారాయా, తగలకముందే మారి ఉన్నాయా? ఈ ప్రశ్నకు 1943లో గట్టి జవాబు ఇచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు వైద్యం చదివిన సాల్వడార్ లూరియా, మరొకరు భౌతికశాస్త్రం నుంచి వచ్చిన మాక్స్ డెల్‌బ్రుక్.

డెల్‌బ్రుక్ 1932లో కోపెన్‌హాగెన్‌లో భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ ప్రసంగం విని జీవశాస్త్రం వైపు మళ్ళాడు. జన్యువు అనేది ఒక అణువు, మ్యుటేషన్ అంటే ఆ అణువులోని పరమాణువులు ఒక స్థిరమైన అమరిక నుంచి మరో అమరికకు దూకడం అని 1935లో టిమోఫీఫ్-రెసోవ్‌స్కీ, జిమ్మర్‌లతో కలిసి ప్రతిపాదించాడు. భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ 1943లో డబ్లిన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలకు ఈ ఆలోచనే ఆధారం. మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చిన ఆ ఉపన్యాసాలను, డీఎన్ఏ నిర్మాణానికి నోబెల్ అందుకున్న వాట్సన్, క్రిక్, విల్కిన్స్ ముగ్గురూ చదివారు. ఈ చరిత్ర చాలా చోట్ల దొరుకుతుంది. డెల్‌బ్రుక్ జీవశాస్త్రానికి ఇచ్చిన పనిముట్టు గురించి మాత్రం తక్కువ చెబుతారు. సగటును పక్కనబెట్టి, ఫలితాలు ఎంత చెదిరాయో చూడటమే ఆ పనిముట్టు, ఫ్లక్చుయేషన్ అంటే ఈ చెదరటమే. దాన్ని బీఎస్సీ, ఎమ్మెస్సీ ల్యాబ్‌లో నాలుగైదు రోజుల్లో చేసి చూడొచ్చు.

తర్కం ముందు

కొద్ది కణాలతో మొదలుపెట్టి బ్యాక్టీరియాను చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి (ఇలా పెంచినదే కల్చర్), ఒక్కోదాన్ని మందు కలిపిన ప్లేటు మీద పరుస్తాం; బతికిన ఒక్కో కణం పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది, అదే కాలనీ. మందు తగిలాకే ప్రతి కణానికీ మారే అవకాశం సమానంగా ఉంటే, ఏ గొట్టంలోంచి తీసినా కాలనీల సంఖ్య దగ్గరదగ్గరగా ఉండాలి. గణితం ప్రకారం అది పాయ్‌సన్ పంపిణీ, అందులో వేరియన్స్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) సగటుకు సమానం. అలాకాక కణాలు పెరుగుతుండగానే ఎప్పుడో మ్యుటేషన్ జరిగి ఉంటే, అది ఎప్పుడు జరిగిందన్నదే ముఖ్యం. చివరి విభజనలో జరిగితే ఒక్క నిరోధక కణం మిగులుతుంది. దానికి ఆరు విభజనల ముందే జరిగి ఉంటే 64 మిగులుతాయి. కాబట్టి కొన్ని గొట్టాల్లో సున్నా, కొన్నిటిలో రెండో మూడో, ఒకటీ అరా గొట్టంలో వంద దాటి రావాలి. ఈ పెద్ద లెక్క వచ్చిన గొట్టాన్నే జాక్‌పాట్ అంటారు. లూరియాకు ఈ ఆలోచన తట్టింది ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్ళ ఒక నృత్య వేడుకలో, తోటి అధ్యాపకుడు స్లాట్ మెషీన్ (నాణెం వేసి ఆడే జూదపు యంత్రం) ఆడుతుంటే చూసినప్పుడు. గణితం కట్టింది డెల్‌బ్రుక్.

ఏ మందు వాడాలి

వాళ్ళు వాడింది ఫేజ్ టీ1, అంటే బ్యాక్టీరియాను చంపే వైరస్. మీరు అది వాడకండి. టీ1 ఎండినా చావదు. ఒకసారి ల్యాబ్‌లో పాకితే మిగతావాళ్ళ కల్చర్లన్నీ పోతాయి. రిఫాంపిసిన్ వాడండి. ఈ మందు ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ఎంజైమ్‌కి అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. ఆ ఎంజైమ్ బీటా భాగాన్ని తయారుచేసే ఆర్‌పీఓబీ జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారినా నిరోధకత వస్తుంది. అలాంటి స్థానాలు చాలా ఉన్నాయి గనుక లెక్కపెట్టడానికి సరిపడా కాలనీలు వస్తాయి. స్ట్రెప్టోమైసిన్‌తో అయితే మరీ తక్కువ వస్తాయి, ఇరవై ప్లేట్లూ ఖాళీగా ఉండొచ్చు.

బ్యాక్టీరియా: ఈ. కోలై కే-12 రకం. చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారం నుంచి తెప్పించుకోవచ్చు.

ప్లేట్లు, మీడియం

లీటరు ఎల్‌బీకి (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) ట్రిప్టోన్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, ఉప్పు 10. ప్లేట్లకైతే గడ్డకట్టడానికి అగార్ 15 గ్రాములు కలపాలి. ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు.

రిఫాంపిసిన్ మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగించండి, నీళ్ళలో సరిగా కరగదు. 700 మిల్లీలీటర్ల అగార్ 50–55 డిగ్రీలకు చల్లారాక ఇందులోంచి 1.4 మిల్లీలీటర్లు కలిపితే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు అవుతుంది. అంతకంటే వేడి మీద కలిపితే మందు బలం తగ్గుతుంది. 9 సెంటీమీటర్ల ప్లేటుకు 20 మిల్లీలీటర్ల చొప్పున 30 ప్లేట్లు పోసి, రెండు మూడు అదనంగా ఉంచుకోండి. వెలుతురు తగిలితే రిఫాంపిసిన్ చెడిపోతుంది కాబట్టి ప్లేట్లను ఫాయిల్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వారం లోపు వాడేయండి. మందు లేని మామూలు ఎల్‌బీ ప్లేట్లు ఆరు చాలు.

మొదటి, రెండో రోజు

ఒకే ఒక కాలనీని 5 మిల్లీలీటర్ల ఎల్‌బీలో వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా షేకర్ మీద పెంచండి. పొద్దుటికి మిల్లీలీటరుకు సుమారు 2×10⁹ కణాలుంటాయి. దాన్ని పది లక్షల రెట్లు పలచన చేయాలి. 0.1 మిల్లీలీటరును 9.9లో కలపండి, అందులోంచి మళ్ళీ 0.1ని 9.9లో కలపండి, చివరిగా 0.25ని 24.75 మిల్లీలీటర్ల ఎల్‌బీలో కలపండి. ప్రతిసారీ కొత్త టిప్ వాడి, బాగా కలిపాకే తీయండి.

పరీక్ష నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ఇలా పలచన చేసిన 0.2 మిల్లీలీటర్లలో సుమారు 400 కణాలే ఉంటాయి. నిరోధక కణాలు పది కోట్లలో ఒకటో కొన్నో మాత్రమే కాబట్టి, ఈ 400లో ముందే ఒకటి దూరే అవకాశం లేనట్టే. పలచన సరిగా చేయక లక్షల కణాలతో మొదలుపెడితే, పాత కల్చర్లో పుట్టిన నిరోధక కణాలు గొట్టాల్లోకి వస్తాయి. అవి అక్కడ కొత్తగా పుట్టినట్టు లెక్కలోకి ఎక్కుతాయి, ఆ తర్వాత ఏ సూత్రమూ వాటిని వేరు చేయలేదు.

పలచన చేసిన ద్రవాన్ని 23 చిన్న గొట్టాల్లో 0.2 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. 10 మిల్లీలీటర్లు 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో పోయండి. ఆ ఫ్లాస్కే కంట్రోల్, అది లేకపోతే చెదరటం ప్లేటింగ్ లోపం వల్ల రాలేదని మీరు నిరూపించలేరు. అన్నీ 37 డిగ్రీల దగ్గర 24 గంటలు షేకర్ మీద ఉంచండి. ఇంత తక్కువ ద్రవం ఆవిరైపోవచ్చు, అందుకే గొట్టాలను తడి దూది పెట్టిన డబ్బాలో పెట్టండి. 400 కణాలు సుమారు 20 సార్లు రెట్టింపై 4×10⁸ అవుతాయి. మధ్యలో కరెంటు పోయి షేకర్ ఆగితే తుది సంఖ్య తగ్గుతుంది. సంఖ్యను విడిగా కొలుస్తాం కాబట్టి ఫలితం పాడవదు, కానీ ఎంతసేపు ఆగిందో నోట్‌బుక్‌లో రాసుకోండి.

మూడో రోజు: ప్లేటింగ్

ప్లేట్లను హుడ్ కింద మూత కొంచెం తెరిచి 20–30 నిమిషాలు ఆరబెట్టండి. తడిగా ఉంటే 0.2 మిల్లీలీటర్లు ఇంకక కాలనీలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. 20 గొట్టాల్లో ఒక్కో దాన్ని పూర్తిగా ఒక్కో రిఫాంపిసిన్ ప్లేటు మీద పరవండి. ఫ్లాస్కులోంచి 0.2 చొప్పున పది నమూనాలు తీసి పది ప్లేట్ల మీద పరవండి. మిగిలిన మూడు గొట్టాలు మొత్తం కణాల లెక్క కోసం. ఒక్కోదాన్ని 10⁻⁶ పలచన చేసి 0.1 మిల్లీలీటరు మామూలు ప్లేటు మీద వేస్తే సుమారు 200 కాలనీలు రావాలి.

ప్లేట్లను ఫాయిల్‌లో చుట్టి 37 డిగ్రీల దగ్గర ఉంచి 48 గంటలకు లెక్కపెట్టండి. కొన్ని నిరోధక కాలనీలు మెల్లగా పెరుగుతాయి. అందుకే కొన్ని ప్లేట్లు 24కి, కొన్ని 48కి లెక్కపెడితే పోలిక చెడుతుంది.

లెక్క

లూరియా, డెల్‌బ్రుక్ ప్రచురించిన ఒక పట్టికలో విడి గొట్టాల అంకెలు ఇవి: 1, 0, 3, 0, 0, 5, 0, 5, 0, 6, 107, 0, 0, 0, 1, 0, 0, 64, 0, 35. ఒకే కల్చర్ నుంచి తీసిన పది నమూనాల్లో: 14, 15, 13, 21, 15, 14, 26, 16, 20, 13. కాలిక్యులేటర్ పట్టుకుని చూడండి. రెండో వరుసలో సగటు 16.7, వేరియన్స్ సుమారు 18, దాదాపు సమానం. మొదటి వరుసలో సగటు 11.35, వేరియన్స్ సుమారు 750. మందు తగలకముందే మ్యుటేషన్ జరిగిందని ఈ ఒక్క అంకె చెబుతుంది. మీ ఫ్లాస్కు వరుసలో కూడా వేరియన్స్ సగటుకు ఐదారు రెట్లుంటే తప్పు పిపెటింగ్‌లోనో పరవడంలోనో ఉంది, మొదటి వరుసను నమ్మకండి. రెండు వరుసల సగటులు మాత్రం కలవాల్సిన పని లేదు.

రేటు కట్టడానికి సగటు వాడొద్దు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఒక్క 107 సగటును దాదాపు రెట్టింపు చేసేసింది. ఖాళీ ప్లేట్లు 10 నుంచి 70 శాతం ఉంటే సున్నాల పద్ధతి వాడండి. పై పట్టికలో 20కి 11 సున్నాలు, అంటే 0.55. దాని సహజ లాగరిథమ్‌కు గుర్తు మారిస్తే 0.6. అంటే ఒక్కో గొట్టంలో సగటున 0.6 మ్యుటేషన్లు జరిగాయి. దీన్ని గొట్టంలోని మొత్తం కణాలతో భాగిస్తే వచ్చేదే మ్యుటేషన్ రేటు.

రిఫాంపిసిన్‌తో మీకు సున్నాలు తక్కువే వస్తాయి. అప్పుడు లీ, కోల్సన్ 1949లో ఇచ్చిన మీడియన్ (అంకెలను వరుసగా పేరిస్తే మధ్యలో వచ్చేది) పద్ధతి పనికొస్తుంది: మీడియన్ ÷ ఎమ్ − లాగ్(ఎమ్) = 1.24. ఇక్కడ ఎమ్ అంటే గొట్టానికి సగటు మ్యుటేషన్లు, లాగ్ అంటే సహజ లాగరిథమ్. మీడియన్ 10 అయితే ఎమ్ విలువలు మార్చి చూస్తూ పోతే 3.86 దగ్గర సరిపోతుంది. 4×10⁸తో భాగిస్తే రేటు సుమారు 10⁻⁸.

గొట్టంలో సగమే పరిస్తే కాలనీలను రెండుతో గుణించి లెక్క మొదలుపెట్టకండి. ఉన్న కాలనీలతోనే ఎమ్ కట్టి, ఆ ఎమ్‌ని 1.44తో గుణించాలి.

వాడిన ప్లేట్లు, గొట్టాలు అన్నీ ఆటోక్లేవ్ చేశాకే పారేయండి. రిఫాంపిసిన్ క్షయకు వాడే ముఖ్యమైన మందు, దానికి తట్టుకునే బ్యాక్టీరియాను సింకులో వదలకూడదు.

సీక్వెన్సింగ్‌కి డబ్బుంటే, పారేసేముందు జాక్‌పాట్ ప్లేటు నుంచి ఐదు కాలనీలు, వేర్వేరు గొట్టాల ప్లేట్ల నుంచి ఒక్కొక్కటి చొప్పున ఐదు తీసి ఆర్‌పీఓబీలో 500 నుంచి 575 కోడాన్ల (మూడేసి అక్షరాల గుంపుల) భాగం చదివించండి, చాలా మార్పులు అక్కడే ఉంటాయి. జాక్‌పాట్ కాలనీల్లో దాదాపు అన్నిటిలో ఒకే అక్షరం ఒకేలా మారి కనిపిస్తుంది, అవి ఒకే తల్లి సంతానం కాబట్టి. వేర్వేరు గొట్టాలవి ఎక్కువగా వేర్వేరు చోట్ల మారి ఉంటాయి. ఏ మార్పు ఎంత తరచుగా వస్తుందో తేల్చాలనుకుంటే ఒక్కో గొట్టం నుంచి ఒక్క కాలనీయే తీసుకోండి, రెండు తీస్తే ఒకే మ్యుటేషన్‌ను రెండుసార్లు లెక్కపెట్టినట్టు కావచ్చు.