జూన్‌లో బార్సిలోనా వెళ్తున్నారా?
ఎండ మన రోహిణి కార్తెలా మాడ్చేయదు, చీకటి పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది కాబట్టి మధ్యాహ్నం రూంలో కునుకు తీసి సాయంత్రం తిరగండి. సగ్రాడా ఫమీలియా చర్చి టికెట్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి, అక్కడికెళ్లి చూద్దాంలే అనుకుంటే బయట ఫోటో దిగి వచ్చేయాల్సి రావచ్చు. సాయంత్రం స్లాట్ దొరికితే చర్చి లోపల పడమటి కిటికీల రంగుటద్దాల్లోంచి ఎరుపు, నారింజ రంగులు స్తంభాల మీద పాకుతుంటాయి, మెడ నొప్పెట్టేదాకా చూస్తారు. మెట్రోకి 10 ప్రయాణాల టీ-కాజువల్ కార్డు తీసుకోండి, కానీ అది ఒక్కరికే, పైగా ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లలో చెల్లదు. లా రాంబ్లా వీధిలో ఫోన్ వెనక జేబులో పెట్టారో, పోయినట్టే. బీచ్‌లో నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. శాకాహారులైతే పా అంబ్ తుమాకెట్ అడగండి, రొట్టెకి టమాటా రుద్ది ఆలివ్ నూనె పోస్తారు (బ్యాగులో కారప్పొడి ఉంటే ఇంకా మేలు). జూన్ 23 రాత్రి సాంత్ జువాన్ పండగ, బీచ్ నిండా టపాసులు, అచ్చం దీపావళే. ఆ రాత్రి నిద్ర మీద ఆశ పెట్టుకోకండి.