చలి ముదరకముందే పాత డీజిల్ బండి సంగతి చూసుకోండి

కార్తీక పున్నమి దాటిందంటే అనంతపురం పక్క తెల్లారుజామున చలి తగులుతుంది. మడకశిర, పెనుకొండ, కదిరి వైపు ఇంకాస్త ఎక్కువే. టమోటా బాక్సులు ఎక్కించుకొని కక్కలపల్లి మార్కెట్‌కు పోవాల్సిన పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోకపోతే ఆ రోజు రేటు చేజారినట్టే. పాత జీపో, సుమోనో, ట్రాక్టరో ఉన్నవాళ్లు దీపావళి అయిపోగానే ఒక పూట దీనికి పెట్టుకోవడం మంచిది.

చలికి డీజిల్ గడ్డకట్టిందని కొందరంటారు. మన దగ్గర ఆ మాట కుదరదు. ఇక్కడ గట్టి చలి అంటే 15 డిగ్రీల దరిదాపు, మహా అయితే ఇంకొంచెం కింద. డీజిల్ గడ్డకట్టాలంటే ఆ చలి చాలదు. అసలు సంగతి ఇంజన్ వేడి దగ్గరుంది. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని పదహారు నుంచి ఇరవై రెట్లకు పైగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మే నెలలో 42 డిగ్రీల ఎండకు ఇంజన్ ముందే కాగి ఉంటుంది కాబట్టి, స్టార్ట్‌కు ముందు సిలిండర్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు రెండు కాలిపోయినా బండి ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. అట్లా వేసవిలో పోయిన ప్లగ్గు సంగతి డిసెంబర్ దాకా మనకు తెలియదు.

పరీక్ష ఏదైనా రాత్రంతా నిలిపిన బండి మీదే చేయాలి. మధ్యాహ్నం నడుపుకుంటూ షెడ్డుకు పోయి "పొద్దున్నే స్టార్ట్ కాలేదన్నా" అంటే మెకానిక్ మాత్రం ఏం కనిపెడతాడు? ముందురోజు సాయంత్రమే బండి షెడ్డులో వదిలిపెట్టండి, లేదా తెల్లారేసరికి ఆయన్నే ఇంటికి పిలిపించుకోండి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు సైలెన్సర్ దగ్గర నిలబడి పొగ చూడాలి. ఖర్చు ఎటు పోవాలో ఈ పొగే చాలావరకు తేల్చేస్తుంది. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, తెల్లపొగ దండిగా వస్తోంది, బండి మాత్రం అందుకోవడం లేదంటే డీజిల్ లోపలికి చేరుతోంది, వేడి చాలక అంటుకోవడం లేదు. అప్పుడు ముందు హీటర్ ప్లగ్గులు, తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని గట్టిగా నొక్కుతోందా లేదా అన్నది చూడాలి. పొగే రాలేదంటే డీజిల్ చేరడం లేదు. డీజిల్ పైపుల్లో గాలి పట్టిందా, డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందా, డీజిల్ పంపు మీద ఉండే స్టాప్ సొలెనాయిడ్‌కు (కరెంటు అందితేనే డీజిల్ వదిలే మీట) కరెంటు వస్తోందా చూడాలి. సెల్ఫే నీరసంగా మూలుగుతుంటే పొగ సంగతి తర్వాత, మొదట బ్యాటరీ చూడండి. ఇవేవీ చూడకుండా నేరుగా "పంపు, నాజిల్స్ విప్పుదాం" అనే మాటకు తలూపొద్దు. అన్నిటికంటే ఖరీదైన పని అదే, చివరికి మిగలాల్సిందీ అదే.

పాత ప్యూజో ఇంజన్ జీపులకూ, తొలినాటి సుమోలకూ హీటర్ ప్లగ్గులు ఉంటాయి. ట్రాక్టర్లకు చాలావాటికి ఉండవు. డ్యాష్‌బోర్డు మీద వైరు చుట్ట గుర్తుతో ఉండే హీటర్ లైటు వెలిగి ఆరిందని నమ్మకం పెట్టుకోవద్దు. చాలా పాత బండ్లలో అది టైమ్ చెప్పే లైటే, ప్లగ్గు వేడెక్కిందో లేదో దానికి తెలియదు. ప్లగ్గులన్నిటినీ కలిపే పట్టీ విప్పి, టెస్ట్ బల్బు వైరు ఒకటి బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ఒక్కో ప్లగ్గు తలకు తాకించండి. బల్బు వెలిగితే ప్లగ్గు కాయిల్ తెగలేదు, వెలగకపోతే పోయినట్టే. అన్నీ బాగుండి కూడా వేడి రాకపోతే రిలే, ఫ్యూజు చూడాలి. నాలుగింట్లో ఒకటి పోతే బండి లేచి కాసేపు వణుకుతుంది. రెండు మూడు పోతే చలిలో లేవదు. ఒకటి పోయినా నాలుగూ మార్చేయడమే నా లెక్క. మిగతావి కూడా అదే వయసువి కదా.

బ్యాటరీకి మన ఎండ పెద్ద శత్రువు. చచ్చేది వేసవిలో, శవం బయటపడేది చలికాలంలో. నిలిపి ఉంచిన బండిలో మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగం చార్జే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనంగా ఉన్నట్టు. అయితే దాన్ని తిట్టే ముందు టెర్మినల్స్ మీది తెల్లటి బూజు తుడిచి, ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ బిగించి చూడండి. సెల్ఫ్‌ను ఒక విడతకు పది పదిహేను సెకన్లకు మించి కొట్టొద్దు. మధ్యలో అర నిమిషమైనా ఆగాలి, లేకుంటే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

గాలి పట్టిందో లేదో తెలుసుకోవడం తేలిక. పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు ఫిల్టర్ దగ్గరి హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కండి. ఆ తర్వాత బండి సులువుగా లేస్తే, రాత్రి ఎక్కడో గాలి దూరి డీజిల్ ట్యాంకులోకి జారిపోతోందన్నమాట. పాత రబ్బరు పైపులు, క్లిప్పులు, వాషర్లు మార్చుకోండి. ఫిల్టర్ అడుగున నిలిచిన నీళ్లు కూడా ఆ పనిలోనే వదిలేయండి. అయితే పైపుల నట్టు వదులు చేసి గాలి తీసే పని పాత పంపు బండ్లకే. కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే కొత్త తరం కామన్ రైల్ బండ్లలో పైపు ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, ఆ నట్టు ముట్టుకోవద్దు.

బండి లేవకపోతే ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టేవాళ్లు, స్టార్టింగ్ స్ప్రే కొట్టేవాళ్లు ఉన్నారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్లో ఆ ఆవిరి ఎర్రగా కాలిన ప్లగ్గు మీద వేళకాని వేళ పేలుతుంది. పిస్టన్ రింగులు విరగొచ్చు, మంట ముఖం మీదికి రావొచ్చు. ఆయిల్ ఛాంబర్ కింద గడ్డి మంట వేయడమూ అంతే ప్రమాదం, ఆ వయసు బండ్లలో డీజిల్ కారని పైపు అరుదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. బానెట్ ఎత్తి పనిచేసేటప్పుడు మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టండి.

ఇంజన్ ఆయిల్ 20W-50 వేసి ఉంటే, తయారీదారు పుస్తకం ఒప్పుకుంటే చలికాలానికి దానికంటే పలచటి 15W-40కు మారండి, సెల్ఫ్‌కు భారం తగ్గుతుంది. ఇన్ని చేశాక కూడా తెల్లపొగే వస్తుంటే ట్యాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించి, కంప్రెషన్ గేజీ పెట్టించండి. నాలుగు సిలిండర్లలో ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ చూపితే ఇంజన్ విప్పి చేసే సిలిండర్ బోరు పనికి సిద్ధపడాలి. ఆ పని వారం పదిరోజులు పడుతుంది కాబట్టి సంక్రాంతి కిరాయిలు ఒప్పుకునే ముందే తేల్చుకోండి.